పూరీ ప్రయాణం: రోజుకు ఒక వైపే వెళ్దాం, చేసినవారి దగ్గరే కొందాం

పిల్లలకు సెలవులు రాగానే పూరీ వెళ్లాలనుకునే కుటుంబాలు మా సంఘాన్ని అడిగే ప్రశ్నలు రెండే. ఏమేం చూడాలి? ఇంటికి ఏం కొని తేవాలి? అనుభవం మీద మాకు తెలిసినది ఇక్కడ రాస్తున్నాం.

ముందు మేము చేసిన పొరపాటు చెబుతాం. ఒకసారి కోణార్క్, సాతపడా, రఘురాజపూర్ మూడూ ఒకే రోజు పెట్టుకున్నాం. కోణార్క్ పూరీకి ఈశాన్యంగా సుమారు 35 కిలోమీటర్లు. చిలికా ఒడ్డున ఉన్న సాతపడా నైరుతిగా సుమారు 50 కిలోమీటర్లు. పొద్దంతా బస్సులోనే గడిచింది. పెద్దవాళ్లు అలసిపోయారు, రఘురాజపూర్ చేరేసరికి చీకటి పడి చిత్రకారులు పని ముగించేశారు. అప్పటి నుంచి రోజుకు ఒక వైపే అని నియమం పెట్టుకున్నాం.

మొదటి రోజు గుడికి, సముద్రానికి కేటాయించండి. జగన్నాథుని గుడిలోకి ఫోన్లు, కెమెరాలు, తోలు వస్తువులు తీసుకెళ్లనివ్వరు. 2024 జనవరి నుంచి నిక్కర్లు, చిరిగిన జీన్సు, చేతుల్లేని దుస్తులు వేసుకున్నవారిని కూడా అనుమతించడం లేదు. పిల్లల బట్టలు ఇంటి దగ్గరే చూసి సర్దుకోండి.

రెండో రోజు కోణార్క్. పదమూడో శతాబ్దంలో మొదటి నరసింహదేవుడు కట్టించిన సూర్యదేవాలయం ఇది. 24 చక్రాలు, ఏడు గుర్రాలతో రథం ఆకారంలో ఉంటుంది. ఎండ ముదరక ముందే చేరుకుంటే పెద్దవాళ్లకు సుఖం. తిరుగు దారిలో చంద్రభాగ తీరం, రామచండి గుడి వస్తాయి.

మూడో రోజు భువనేశ్వర్ దారిలో రఘురాజపూర్, పిపిలి. రెండూ ఒకే వైపు కాబట్టి ఇబ్బంది లేదు. రైలు భువనేశ్వర్ నుంచి అయితే సామానుతో వెళ్తూనే చూసుకోవచ్చు. నాలుగో రోజు దొరికితేనే సాతపడా. అక్కడ పడవ ఎక్కి ఇర్రావడ్డీ డాల్ఫిన్లను చూడవచ్చు. లైఫ్ జాకెట్ లేకుండా పిల్లలను పడవ ఎక్కించకండి.

ఇక కొనుగోళ్లు. రఘురాజపూర్‌లో ఇంటింటా చిత్రకారులే. పాత గుడ్డను చింతగింజల జిగురుతో పొరలుగా అంటించి, సుద్ద పూసి, రాయితో నునుపు చేసి పట్టచిత్రం వేస్తారు. తెలుపు శంఖం పొడి నుంచి, నలుపు దీపపు మసి నుంచి వస్తాయి. తాటాకు మీద గంటంతో గీసిన బొమ్మలూ ఉంటాయి. బేరం మొదలుపెట్టే ముందు "ఇది ఎన్ని రోజుల పని?" అని అడగండి. జవాబు విన్నాక సగం ధరకు అడగాలని మనకే అనిపించదు. చిన్న బొమ్మ ఒక్కటే కొన్నా, చేసినవారి చేతి నుంచి కొన్నట్టు ఉంటుంది.

పిపిలిలో రంగు గుడ్డ ముక్కలు కుట్టిన గొడుగులు, పందిరి గుడ్డలు, సంచులు దొరుకుతాయి. వెనక్కి తిప్పి కుట్టు చూస్తే చేతిపనో మిషను పనో తెలుస్తుంది. తినడానికి పూరీ ఖాజా తెచ్చుకోండి. మన తాపేశ్వరం కాజాలా పొరలుంటాయి గానీ పాకం ఆరిపోయి పొడిగా ఉంటుంది, ప్రయాణానికి తట్టుకుంటుంది.

కొనకూడనివి కూడా ఉన్నాయి. సముద్రపు పగడాలు, కొన్ని రకాల శంఖాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. పడవ ప్రయాణంలో చిప్ప పగలగొట్టి ముత్యం తీసి చూపించేవారి దగ్గర మోసపోకండి. పిల్లలు ఇసుకలో ఏరుకున్న చిన్న గవ్వలు చాలు.

చివరిగా అన్నింటికన్నా ముఖ్యమైనది. పూరీ అలలు బలమైనవి, లోపలికి లాగేస్తాయి. ఒడ్డున కోసు టోపీ పెట్టుకుని నిలబడే నోలియాల తోడు లేకుండా పిల్లలను నీళ్లలోకి దింపకండి. కూలి ముందే మాట్లాడుకోండి. వారిలో చాలామంది మన తెలుగువారే. ఆంధ్ర తీరం నుంచి వచ్చి పెంటకటలో స్థిరపడిన మత్స్యకారుల కుటుంబాలు, ఇంట్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడతాయి.

మన పిల్లలు తెలుగును అమ్మమ్మతో మాట్లాడే భాషగానే చూస్తున్నారు. అందుకే వారితో హిందీలో మొదలుపెట్టకండి. "అన్నా, ఇవాళ అలలు ఎలా ఉన్నాయి?" అని మీ పిల్లల చేతే అడిగించండి. వారి జవాబు పిల్లలకు అర్థమవుతుంది. ఊరుగాని ఊళ్లో తమ భాష పనికి రావడం వాళ్లు స్వయంగా చూస్తారు. పూరీ నుంచి ఇంటికి తెచ్చుకోదగ్గవాటిలో ఇదీ ఒకటని మా నమ్మకం.