కరువు కాలంలో హిమానీనదాల ఆసరా: మైపో నది అనుభవం
మధ్య చిలీలో 2010లో మొదలైన కరువు దశాబ్దానికి పైగా కొనసాగింది. అక్కడ వర్షం, మంచు శీతాకాలంలోనే కురుస్తాయి. ద్రాక్ష, ఇతర పండ్ల తోటలకు నీరు అవసరమయ్యేది డిసెంబరు నుండి మార్చి వరకు ఉండే వేసవిలో. ఆండీస్ పర్వతాలలో పేరుకున్న మంచు కరిగి మైపో నదికి ఆ నీటిని అందిస్తుంది.

మంచు తక్కువగా కురిసిన ఏడు తెల్లని పై పొర త్వరగా కరిగి, అడుగునున్న ముదురు రంగు మంచుగడ్డ బయటపడుతుంది. అది సూర్యరశ్మిని అధికంగా గ్రహించి వేగంగా కరుగుతుంది. అందువలన కరువు ఏడాది వేసవి చివరి ప్రవాహంలో హిమానీనదాల వాటా పెరుగుతుంది. అయితే ఆ నీటితో తరిగేది అసలే. శీతాకాలపు మంచు దానిని పూడ్చలేదు. హిమానీనదం కుంచించుకుపోయేకొద్దీ దాని నీరు మొదట పెరిగి, గరిష్ఠ స్థాయికి చేరి, పిదప తగ్గుతుంది.

రుతుపవనాలపై ఆధారపడిన కృష్ణా, గోదావరులకు ఈ ఆసరా లేదు. సింధు నదికి ఉంది. అటువంటి ఆయకట్టులలో నేటి ప్రవాహాన్ని శాశ్వతమని భావించి సాగు విస్తీర్ణం పెంచడం శ్రేయస్కరం కాదు.