వీడియో పాఠములు - ఆడపిల్లల కంప్యూటరు చదువు

ఉదయమున ఎల్.బి. నగరు కూడలిని చూచినవారికి, ఇబ్రహీంపట్నము వైపునగల ఇంజనీరింగు కళాశాలల బస్సులకై వేచియున్న బాలికలు కనబడుదురు. దిల్‌సుఖ్‌నగరు వసతిగృహములలో నుండి చదువుకొనువారును వీరిలో కలరు. 2018 సెప్టెంబరులో మెట్రోరైలు ఎల్.బి. నగరు వరకు వచ్చిన పిమ్మట, ప్రోగ్రామింగు శిక్షణకై అమీర్‌పేటకు పోయివచ్చుట సులభమైనది. అయినను, చీకటిపడిన తరువాత ఆడపిల్లను పంపుటకు జంకెడి తల్లిదండ్రు లిప్పటికిని కలరు. అట్టి యిండ్లకు వీడియో పాఠములు గొప్ప యాదరువు.

ఐ.ఐ.టి.లును బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థయు కలసి 2003లో ఆరంభించిన ఎన్.పి.టి.ఇ.ఎల్. వలన ఆచార్యుల యుపన్యాసము లెల్లరకును ఉచితముగా లభించుచున్నవి. బొంబాయి ఐ.ఐ.టి. వారి ‘స్పోకెన్ ట్యుటోరియల్’ పాఠములు మరొక తీరువి. ఒక్కొక్కటి సుమారు పది నిమిషములు. తెలుగు మొదలగు దేశభాషలలో గూడ వినవచ్చును. తెలుగు మాధ్యమమున చదివి, ఇంగ్లీషు ఉపన్యాసమునకు బెదరెడి బాలికకు ఇవి మేలు.

అయితే సోదరీమణులారా, చూచుట వేరు, నేర్చుట వేరు. సి భాష నేర్పువారు తఱచుగా నొక యభ్యాసమిత్తురు: మొదటి వరుసలో ఒక చుక్క, రెండవదానిలో రెండు, ఇట్లేడు వరుసలు తెరపై వేయవలెను. ముగ్గులు వేయు మనకిది క్రొత్త గాదు. మొత్తము 28 చుక్కలు. వీడియోలో ఆచార్యుడు వ్రాయగా చుక్కలు చక్కగా పడును. చూచుచున్న పిల్ల తనకు వచ్చినదే యనుకొనును. తానే వ్రాయ కూర్చుండి, ‘ఏడు వరకు’ అను గుర్తునకు బదులు ‘ఏడు కంటె తక్కువ’ అను గుర్తు పెట్టెనా, ఆరు వరుసలే పడి 21 చుక్కలతో నాగును. ఇట్టి తప్పును కంప్యూటరు పట్టి చూపదు. చెప్పినంత చేసి యూరకుండును. ఆ యేడవ వరుస యెక్కడ పోయెనో వెదకుకొనుటయే యసలు చదువు. ఫలితము చూపకమునుపే వీడియో నాపి, ఏమి రానున్నదో కాగితముపై వ్రాసికొను పిల్లకు, వరుసగా పది పాఠములు చూచిన పిల్లకంటె నెక్కువ పట్టుబడునని మా తలంపు. తరగతిలో వీడియో వేసి చేతులు కట్టుకొని కూర్చుండు అధ్యాపకులును దీనిని గమనింపవలసి యున్నది.

ఇచ్చటనే యింటివారి పక్షపాతము బయటపడును. తెరలో సగము వీడియోను, సగము తాము వ్రాయు ప్రోగ్రామును ఉంచుకొని, వెంటవెంటనే చేయుడని స్పోకెన్ ట్యుటోరియల్ వారు చెప్పుదురు. చేతిఫోనులో నిది పొసగదు. లాప్‌టాపు అన్నకు, ఫోను చెల్లెలికి అను పంపకమును పెక్కిండ్ల మేము చూచుచునే యున్నాము. పైగా అంట్లు తోమిన పిమ్మట, నిద్రమత్తులో ఆమె పాఠము తెరచును. పది నిమిషముల పాఠమైనను, ఆపుచు, వ్రాయుచు, దిద్దుకొనుచు పోయినచో గంట పట్టవచ్చును. ఆ గంటను, లాప్‌టాపుతో గూడ, రాత్రి భోజనమునకు ముందే ఇప్పించుట తల్లి చేతిలోని పని. ‘నీవు వ్రాసినది నడచినదా, చూపుము’ అని యడుగుటకు తల్లికి ప్రోగ్రామింగు రానక్కఱలేదు. తెరపై చుక్కలు లెక్కించుట వచ్చిన చాలును.