ఎనిమిది నెలలు.. సున్నా గోల్స్‌! అయినా ఫోర్లాన్‌ ఫోర్లానే

2016 ఐఎస్‌ఎల్‌లో ముంబయి సిటీకి ఆడిన బంగారు జుట్టు స్ట్రైకర్‌ గుర్తున్నాడా? 37 ఏళ్ల వయసులో కేరళ బ్లాస్టర్స్‌పై హ్యాట్రిక్‌ కొట్టాడు. స్కోరు 5-0! మన దేశంలో చాలామంది డియెగో ఫోర్లాన్‌ని దగ్గరగా చూసింది అప్పుడే. నన్ను అడిగితే మాత్రం, అతని కథలో అసలు విషయమంతా గోల్స్‌ పడని రోజుల్లోనే ఉంది.

అతనిది ఫుట్‌బాల్‌ కుటుంబం. తాత ఉరుగ్వే జట్టు కోచ్‌, నాన్న పాబ్లో రెండు వరల్డ్‌కప్‌లు ఆడాడు. పిల్లాడికేమో టెన్నిస్‌ కూడా బాగా వచ్చు. ఎటు వెళ్లాలో తేల్చింది 1991లో జరిగిన కారు ప్రమాదం. అందులో అక్క అలెహాంద్రా బాయ్‌ఫ్రెండ్‌ చనిపోయాడు, ఆమె వీల్‌చైర్‌కి పరిమితమైంది. వైద్యం ఖర్చుల కోసం మారడోనా కూడా సాయం చేశాడు. ఫుట్‌బాలర్‌నై బాగా సంపాదిస్తా, నీకు మంచి వైద్యం చేయిస్తా అని అక్కకి మాటిచ్చాడు డియెగో. అప్పటికి వాడికి పన్నెండేళ్లు!

2002 జనవరిలో మాంచెస్టర్‌ యునైటెడ్‌ పిలిచింది. ఇక తిరుగులేదు అనుకున్నారంతా. ఒక మ్యాచ్‌ అయింది, పది అయ్యాయి, ఇరవై దాటాయి.. గోల్‌ లేదు. ఎనిమిది నెలల తర్వాత, 27వ మ్యాచ్‌లో మకాబీ హైఫాపై పెనాల్టీతో ఖాతా తెరిచాడు. తర్వాత సౌతాంప్టన్‌పై గోల్‌ కొట్టి, ఆనందం పట్టలేక చొక్కా విప్పేశాడు. తిరిగి వేసుకోవడం కుదరక, చేత్తో పట్టుకునే బంతి వెంట పరిగెత్తాడు. ఆ వీడియో చూడండి, నవ్వాగదు. లివర్‌పూల్‌ గడ్డపై రెండు గోల్స్‌ కొట్టాక యునైటెడ్‌ ఫ్యాన్స్‌ అతన్ని నెత్తిన పెట్టుకున్నారు. కానీ 98 మ్యాచ్‌ల్లో 17 గోల్సే అంటే స్ట్రైకర్‌కి తక్కువే కదా.

2004లో స్పెయిన్‌ వెళ్లాడు. అదే మనిషి, అవే కాళ్లు! విల్లారియల్‌ తరఫున తొలి సీజన్‌లోనే 25 లీగ్‌ గోల్స్‌. థియెరీ హెన్రీతో కలిసి యూరప్‌ గోల్డెన్‌ షూ పంచుకున్నాడు. 2008-09లో అట్లెటికో మాడ్రిడ్‌కి 32 కొట్టి, ఈసారి ఒక్కడే పట్టుకెళ్లాడు. కుడికాలితో కొడతాడో, ఎడమకాలితో కొడతాడో కీపర్‌కి చివరిదాకా అర్థమయ్యేది కాదు.

ఇక 2010 వరల్డ్‌కప్‌. ఘనాతో క్వార్టర్‌ఫైనల్‌ అనగానే సువారెజ్‌ చేత్తో ఆపిన బంతే గుర్తొస్తుంది అందరికీ. ఉరుగ్వే వెనకబడినప్పుడు ఫ్రీకిక్‌తో స్కోరు సమం చేసింది మాత్రం ఫోర్లాన్‌. కీపర్లంతా తిట్టుకున్న జబులానీ బంతి అతని మాట మాత్రం విన్నట్టే ఉండేది. మూడో స్థానం కోసం జర్మనీతో మ్యాచ్‌లో ఆఖరి క్షణాల్లో అతను కొట్టిన ఫ్రీకిక్‌ క్రాస్‌బార్‌కి తగిలింది. 3-2తో ఓటమి. నాలుగో స్థానంలో ఆగిన జట్టు నుంచి టోర్నీ ఉత్తమ ఆటగాడిగా గోల్డెన్‌ బాల్‌ అతనికే ఇచ్చారు. హైదరాబాద్‌ జనాభాలో సగం కూడా లేని దేశం అది!

మరుసటి ఏడాది కోపా అమెరికా ఫైనల్లో పరాగ్వేపై రెండు గోల్స్‌ కొట్టాడు. తాత కోచ్‌గా, నాన్న ఆటగాడిగా గెలిచిన కప్పే అది.

2019లో బూట్లు విప్పేశాడు. ఊరుకున్నాడా? 2024లో, 45 ఏళ్లకి, మాంటెవిడియోలో ప్రొఫెషనల్‌ టెన్నిస్‌ డబుల్స్‌ ఆడాడు. 6-1, 6-2తో ఓడిపోయాడు లెండి.