దూసుకెళ్లే రోబో బోర్లా ఎందుకు పడుతుంది?

పోటీలో ఒక రోబో చెయ్యి పైకి చాచి దూసుకెళ్తోంది. టక్కున ఆగిందో లేదో, ముందుకు బోర్లా పడింది! ఎందుకలా?

బస్సులో నిలబడి ఉన్నప్పుడు డ్రైవరు సడన్ బ్రేకు వేస్తే ముందుకు తూలతారు కదా? కూర్చున్నవాళ్లు అంతగా తూలరు. రోబో సంగతీ అంతే. చక్రాలు ఆగినా, పైనున్న బరువు ముందుకే పోవాలని చూస్తుంది.

ప్రతి వస్తువులోనూ బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు పనిచేసే బిందువు ఒకటి ఉంటుంది. అదే గరిమనాభి. అక్కడి నుంచి నేలకు నిట్టనిలువుగా గీత గీస్తే అది చక్రాల మధ్యే పడాలి. ఆ బిందువు ఎంత కిందికి ఉంటే రోబో అంత నిలకడగా ఉంటుంది.

అమెరికాలో 1992లో మొదలైన ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్‌నే చూడండి. అక్కడి రోబోలకు వాడే 12 వోల్టుల బ్యాటరీ ఒక్కటే 5 కిలోలకు పైగా తూగుతుంది! అందుకే దాన్ని వీలైనంత కిందికి బిగించాలి. చెయ్యి ముందుకు చాచే రోబో అయితే బ్యాటరీని వెనక్కి జరపాలి. తేలికైన భాగాలు పైన ఉన్నా ఫర్వాలేదు.

మీరూ రోబో చేస్తారా? ముందు మోటార్లు, బ్యాటరీ కొలతలకు అట్టముక్కలు కత్తిరించి, అటూ ఇటూ జరిపి చోటు కుదుర్చుకోండి. తయారయ్యాక ఒక్కో చక్రం కిందా తూకం యంత్రం పెట్టండి. ఎటువైపు బరువెక్కువో అంకెలే చెప్పేస్తాయి!