కెమేరా కటకమునకు దూరదృష్టి పరీక్ష

పాత ఫిల్ము కెమేరాలు మన యిండ్ల పెట్టెలలో నింకను గలవు. వానిని మరల వాడగోరు విద్యార్థులు ముందుగా నొక పరీక్ష చేయవలెను. కటకపు వలయముపై పడుకొన్న ఎనిమిదిని బోలిన గుర్తు గలదు. అది అనంతదూరమును సూచించును. వలయము నచ్చట నిలిపినచో దూరపు కొండలు ఫిల్ముపై స్పష్టముగా బడవలెను. ఎవరైన కటకమును విప్పి సరిగా బిగింపనిచో గుర్తు తప్పును. ఫిల్ము కడుగువరకు ఆ దోషము తెలియదు. తెలిసినపుడు పెండ్లి గాని వార్షికోత్సవము గాని తిరిగి రాదు.

పరీక్షకు ఎంత దూరపు వస్తువు కావలెను? 50 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల కటకము 10 మీటర్ల దూరపు వస్తువు బింబమును నాభికి 0.25 మిల్లీమీటరు వెనుక నిలుపును. 50 మీటర్లకు 0.05; కిలోమీటరునకు 0.0025 మాత్రమే. కావున వీధిచివరి స్తంభము చాలదు. దాచేపల్లి మిరపచేల కావల, కిలోమీటరునకు మించిన దూరమున నున్న తాటిచెట్టు తగును. మధ్యాహ్నమున నేలవేడికి గాలి వణకి బింబము చలించును గనుక మంచు విడిన ఉదయము మేలు. రాత్రివేళ చంద్రుడు గాని నక్షత్రము గాని మరింత శ్రేష్ఠము. హైదరాబాదు నిజామియా వేధశాలవారు ఆకాశపటమునకై నక్షత్రములను ఛాయాచిత్రములుగా దీసిరి. అట్టి పనిలో నక్షత్రము బిందువుగా బడుటయే ముఖ్యము. సూర్యునివైపు మాత్రము కెమేరాను ద్రిప్పరాదు, కన్ను చెడును.

ఇక విధానము. ఫిల్ము లేని కెమేరా వెనుకతలుపు తెరచి, ఫిల్ము ఆనుకొను లోపలి రెండు పట్టాలపై గరుకుటద్దమును, గరుకువైపు కటకమున కెదురుగా నుంచవలెను. రంధ్రమును పూర్తిగా దెరచి, షట్టరును 'బి' గుర్తున నొక్కిపట్టవలెను. కెమేరాను కదలకుండ నిలిపి, నల్లగుడ్డ కప్పుకొని, తలక్రిందైన బింబమును భూతద్దముతో జూచుచు వలయమును ద్రిప్పవలెను. మూడు మారులు చేసి స్పష్టత ఎచ్చట గలుగుచున్నదో గుఱించుకొనవలెను.

గుర్తుకడనే కలిగినచో కటకమును ముట్టవలదు. తప్పినచో, అనేక పాత కటకముల వలయపుటంచున నుండు చిన్న మరలను సడలించి, కటకమును స్పష్టస్థానమున కదలనీయక, వలయమును మాత్రమే గుర్తునకు ద్రిప్పి, మరలు బిగించి, తిరిగి పరీక్షింపవలెను. అట్టి మరలు కానరానిచో నేర్పరియగు మరమ్మతుదారున కిచ్చుట మంచిది. నేటి స్వయంచాలక కటకములలో కొన్ని గుర్తునకు మించి తిరుగును. వేడికి లోహము వ్యాకోచించుట మొదలగు కారణములచే నట్లు చేయుదురు గాని అది దోషము కాదు.

గుర్తును నమ్మకుడని మేము చెప్పుట లేదు. నమ్ముటకు ముందు పరీక్షింపుడని చెప్పుచున్నాము.