ఎముకల మాత్ర: మేలెంత, ముప్పెంత?

బాత్‌రూములో జారిపడి తుంటి విరిగి వచ్చే పెద్దమ్మలను మా వార్డులో తరచు చూస్తుంటాము. ఎముకలు గుల్లబారాయని డాక్టరుగారు వారానికొక అలెండ్రోనేట్ మాత్ర రాస్తే, “దవడ ఎముక చెడిపోతుందట సిస్టరమ్మా” అని మానేసేవారూ ఉన్నారు.

లెక్క చూద్దాము. అప్పటికే వెన్నుపూస విరిగిన స్త్రీలను సుమారు మూడేళ్లు గమనించిన పరిశోధన ఒకటి 1996లో వెలువడింది. ఈ మందు వాడనివారిలో 1000కి 22 మందికి తుంటి విరిగింది; వాడినవారిలో 11 మందికి. దవడ ఎముక దెబ్బతినడం, తొడ ఎముక ఉన్నట్టుండి విరగడం నిజమే గాని, చాలా అరుదు. ఏళ్ల తరబడి వాడితే ఆ ముప్పు పెరుగుతుంది. అందుకే సుమారు ఐదేళ్లయ్యాక ఇంకా వాడాలా, కొంతకాలం ఆపాలా అని డాక్టరుగారు చూస్తారు.

మాత్ర పరగడుపున, గ్లాసు నిండా మంచినీళ్లతో మింగండి. అరగంట వరకు పడుకోవద్దు, కాఫీ, టీలు కూడా వద్దు. లేకుంటే ఆహారనాళం పుండుపడవచ్చు. మూత్రపిండాల జబ్బున్నా, పన్ను తీయించుకోబోతున్నా ముందే చెప్పండి. తొడలోగాని గజ్జలోగాని కొత్తగా నొప్పి వస్తే వెంటనే రండి.

మన పల్నాటిలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవారు ఆ సంగతీ చెప్పాలి. అటువంటి ఎముక పరీక్షలో దట్టంగా కనిపించినా గట్టిదని కాదు.

భయపడి మీ అంతట మీరే మానకండి. పక్కింటావిడ చీటీ చూసి మొదలుపెట్టకండి.