నీరు తిన్న నేల

కోనసీమలో పునాదికి రాయి కావలెనన్న గోదావరి అవతలినుండి రావలసినదే. గౌతమికిని వసిష్ఠకును నడుమనున్న కొత్తపేట, అమలాపురము, రాజోలు ప్రాంతములన్నియు ఏరు తెచ్చి పోసిన ఒండ్రుమీద నిలిచినవి. నీరు నేలను కట్టుట మనము ఎరిగినదే. నీరు నేలను తినుట చూడవలెనన్న రాయలసీమకు పోవలెను.

మేము తాడిపత్రిలో రైలు దిగి, బస్సులో బెలుం గుహలకు పోయినాము. కొండ ఎక్కవలసియుండునని అనుకొన్నాము. కొండ లేదు. చదునైన చేల మధ్య నూతులవంటి గోతులు మూడున్నవి. ఒక గోతిలోనికి మెట్లు దిగినచో క్రింద సొరంగములు. బిలమే బెలుం అయినదందురు.

మన ఇండ్లలో పరచిన నాపరాతిపై నిమ్మరసము ఒలికినచో నిగనిగ పోయి మచ్చ పడుట గృహిణులకు తెలిసినదే. బేతంచర్లనుండి వచ్చు ఆ నాపరాయి ఒక జాతి సున్నపురాయి. బెలుం క్రిందనున్నదియు సున్నపురాయియే. పులుపు తగిలినచో అది కరగును. వాననీరు గాలిలోను, అంతకంటె ఎక్కువగా మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు గాలిని పీల్చుకొని రవంత పులుపెక్కును. ఆ పులుపు నాలుకకు తెలియదు, రాతికి తెలియును. లక్షల యేండ్లు అట్లు దిగగా నెరియ కాలువ యగును, కాలువ గుహ యగును. కప్పు పలుచనై కూలినచోట గోయి పడును. ఇట్టి నేలను స్లొవేనియాలోని ఒక సీమ పేరిట కార్స్ట్ అందురు. పెన్న ఒడ్డున గండికోట లోయ ఇట్టిది కాదు. అది గట్టిరాతిని ఏరు కోయగా ఏర్పడినది.

ఈ గుహలను గూర్చి 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వ్రాసినాడు. తరువాత దాదాపు నూరేండ్లకు, 1982, 83లలో, డేనియల్ గెబవర్ నాయకత్వమున జర్మను బృందమొకటి వచ్చి లోపల ప్రాకి కొలిచినది. పొడవు 3,229 మీటర్లు. 2002నుండి సందర్శకులకు అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు తెరచినారు. లోనికి యంత్రములతో గాలి పంపుదురు. అయినను ఉక్క తప్పదు. మా చొక్కాలు తడిసి ముద్దయినవి.

అన్నిటికంటె లోతున, 46 మీటర్ల అడుగున, పాతాళగంగ యను సన్నని ధార రాతిలో మాయమగుచున్నది. అది రెండు కిలోమీటర్ల దూరముననున్న బెలుం గ్రామపు బావికి చేరునని అచ్చటివారి నమ్మకము. మాకు అచ్చట కాలు కదలలేదు. మన నూతులలో నీరు ఇసుక పొరలగుండ ఊరును. ఇసుక కొంతయైనను వడబోయును. సున్నపురాతి సొరంగమునకు వడబోత లేదు. పైన గోతిలో పడినది క్రింద బావిలో తేలవచ్చును. అట్టి బిలములోనే 1988 వరకు చుట్టుప్రక్కలవారు చెత్త పోయుచుండిరి! తరువాతనే శుభ్రపరచినారు.

పైకి వచ్చినపిదప అలసట తీర కూర్చుండి, ఇంటినుండి తెచ్చుకొన్న అరటిపండ్లు తిన్నాము. మాలో ఒకరు తొక్కను గోతివైపు విసరబోయి, చేయి వెనుకకు తీసికొని, సంచిలో వేసికొన్నారు.